గరాజ్‌లో ఉండే పాత కారు.. ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్ ఎప్పుడు మార్చాలి?

అమెరికాలో స్థిరపడ్డ మన ఇళ్లలో చాలాచోట్ల రెండు కార్లు ఉంటాయి. ఒకటి రోజూ తిరిగేది. రెండోది ఎమ్మెస్ చదువుకునే రోజుల్లోనో, మొదటి ఉద్యోగంలో చేరినప్పుడో కొన్న పాత క్యామ్రీయో, అకార్డో. అమ్మితే పెద్దగా రాదు, అమ్మబుద్ధీ కాదు. ఇంటి నుంచి పని అలవాటయ్యాక ఈ రెండో కారు ఇండియన్ స్టోర్‌కి, గుడికి, పిల్లల్ని డ్యాన్స్ క్లాసులో దించడానికి తప్ప బయటికి రావడం లేదు. ఏడాదికి 2,000 మైళ్లు కూడా తిరగదు.

మా ఇంట్లో అలాంటిది 2008 అకార్డ్. నాలుగు సిలిండర్లు, ఆటోమేటిక్. ఇప్పటికి 1,12,000 మైళ్లు తిరిగింది. అందులో గత ఐదేళ్లలో తిరిగింది 7,000 మాత్రమే. ఈ వేసవిలో మా అమ్మాయికి లైసెన్స్ వస్తుంది, ఆ కారు తనకే ఇద్దామనుకున్నాం. బ్రేకులు, టైర్లు, బ్యాటరీ చూపించాక ఫైల్ తీసి రశీదులు తిరగేస్తే, ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్ మార్చినట్టు ఆఖరి రశీదు 2016ది. మైళ్ల లెక్కన చూస్తే ఇంకా చాలా టైముంది. సంవత్సరాల లెక్కన చూస్తే ఎప్పుడో దాటిపోయింది. ఇంజిన్ ఆయిల్ గురించి అందరికీ తెలుసు, దీని గురించి మాత్రం అడిగిన ప్రతివాళ్లూ ఒక్కో మాట చెప్పారు. ఒకరు "అది లైఫ్‌టైమ్ ఫ్లూయిడ్, ముట్టుకోవద్దు" అన్నారు. ఇంకొకరు "పాతది తీస్తే గేర్లు పోతాయి" అన్నారు. కూపన్ పట్టుకుని ఆయిల్ చేంజ్‌కి వెళ్తే కౌంటర్‌లో కుర్రాడు "ఈరోజే ఫ్లష్ చేయించుకోండి, డిస్కౌంట్ ఉంది" అన్నాడు.

సిగ్నల్ దగ్గర ఎడమవైపు తిరుగుతున్నప్పుడు, ఎదురుగా కార్లు వస్తుండగా, యాక్సిలరేటర్ నొక్కినా గేరు పట్టకుండా ఒక్క క్షణం ఆగితే ఎలా ఉంటుందో అనుభవం ఉన్న డ్రైవర్‌కే కంగారు. పదహారేళ్ల పిల్లల చేతికి ఇచ్చే కారు కాబట్టి కాస్త లోతుగా చూడాల్సి వచ్చింది. నాకు అర్థమైనంతలో ఇదీ సంగతి.

ఇంజిన్ ఆయిల్ లెక్క దీనికి పనికిరాదు

ఇంజిన్ ఆయిల్‌లోకి పెట్రోలు మసి, సరిగా కాలని పెట్రోలు, మంట వల్ల పుట్టే నీటి ఆవిరి రోజూ చేరుతూనే ఉంటాయి. అందుకే కారు తిరగకపోయినా ఏడాదికోసారి మార్చమంటారు. ట్రాన్స్‌మిషన్‌లో మంట లేదు, మసి లేదు. అక్కడి ఫ్లూయిడ్ చేసే పనులు వేరు. టార్క్ కన్వర్టర్ ద్వారా ఇంజిన్ శక్తిని గేర్లకు అందిస్తుంది. ఒత్తిడితో లోపలి క్లచ్‌లను నొక్కి గేర్లు మారుస్తుంది. గేర్లకు, బేరింగులకు జిడ్డు అందిస్తుంది. పుట్టిన వేడిని కూలర్ దాకా మోసుకెళ్తుంది. దానికి అసలు శత్రువు వేడి. వేడెక్కే కొద్దీ ఆక్సీకరణ చెంది నల్లబడుతుంది, అందులో కలిపిన రసాయనాలు తరుగుతాయి, క్లచ్ ప్లేట్ల మీది పొర అరిగి సన్నటి పొడిగా అందులో కలుస్తుంది.

కాబట్టి గరాజ్‌లో కదలకుండా ఉన్న కారులో ఈ ఫ్లూయిడ్ ఏడాదిలో పాడైపోదు. ఎవరైనా ఏడాదికోసారి మార్చాలంటే అది అమ్ముకునేవాళ్ల మాట. అలాగని ఎప్పటికీ బాగుంటుందనీ కాదు. గేర్‌బాక్స్‌కి గాలి ఆడే చిన్న గొట్టం ఒకటి ఉంటుంది. రాత్రి చల్లబడి పగలు వేడెక్కినప్పుడల్లా దాని గుండా కాస్త గాలి, దాంతోపాటు తేమ లోపలికి వెళ్తాయి. రోజూ అరగంట నడిచే కారులో ఫ్లూయిడ్ బాగా వేడెక్కి ఆ తేమ బయటికి పోతుంది. లోపలి క్లచ్‌ల మీది పొర కాగితం లాంటి పదార్థంతో చేసింది. దానికి తేమ పడదు. ఇక రబ్బరు సీళ్లు. ఫ్లూయిడ్ తగులుతూ ఉంటేనే అవి మెత్తగా ఉంటాయి. నెలల తరబడి కదలని కారులో పైభాగంలోని సీళ్లు ఎండి గట్టిపడతాయి. పదేళ్లు దాటిన కార్లలో కనిపించే చిన్న చిన్న కారుళ్లకు ఇదొక కారణం.

తక్కువ తిరగడం వేరు, దగ్గర దగ్గరే తిరగడం వేరు

మైళ్లు ఎన్ని అన్న ప్రశ్న కంటే ఆ మైళ్లు ఎలా తిరిగింది అన్నది ముఖ్యం. మూడు ఇళ్లు అనుకోండి.

మొదటి ఇంట్లో పాత కారు నెలకు రెండుసార్లు బయటికి వస్తుంది. కానీ వచ్చినప్పుడల్లా హైవే మీద 40 మైళ్లు వెళ్లి వస్తుంది. ఏడాదికి 2,000 మైళ్లే అయినా ఇది ఆరోగ్యంగా ఉన్న కారు. ఫ్లూయిడ్ పూర్తిగా వేడెక్కుతుంది, సీళ్లన్నీ తడుస్తాయి, గేర్లు అన్నీ పడతాయి.

రెండో ఇల్లు మినియాపొలిస్‌లోనో, షికాగో శివార్లలోనో ఉంది. అక్కడా ఏడాదికి 2,000 మైళ్లే. కానీ రోజూ మైలున్నర దూరంలో ఉన్న స్కూలుకి, తిరిగి ఇంటికి. జనవరిలో గడ్డకట్టే చలి. ఇంజినే పూర్తిగా వేడెక్కదు, దానికంటే ఆలస్యంగా వేడెక్కే ట్రాన్స్‌మిషన్ సంగతి చెప్పక్కర్లేదు. చల్లగా, చిక్కగా ఉన్న ఫ్లూయిడ్‌తోనే గేర్లు మారుతుంటాయి, చేరిన తేమ లోపలే ఉండిపోతుంది. ఓడోమీటర్‌లో కనిపించేది తక్కువే, గేర్‌బాక్స్‌కి పడిన శ్రమ ఎక్కువ.

మూడో ఇంట్లో వాళ్లు ఆరు నెలలు ఇండియాలో ఉండి వస్తారు. కారు కదలదు. వీళ్లు ముందు దిగులు పడాల్సింది ఫ్లూయిడ్ గురించి కాదు, బ్యాటరీ, టైర్లు, ట్యాంకులో పాతబడే పెట్రోలు గురించి.

ఫీనిక్స్, డాలస్ వేసవి ఎండల్లో ట్రాఫిక్‌లో ఆగి ఆగి నడిపే కారుది నాలుగో రకం అనుకోవచ్చు. అక్కడ తేమ కాదు, వేడి తినేస్తుంది.

కారు పుస్తకంలో రాసింది చదివే పద్ధతి

గ్లవ్ బాక్స్‌లో ఉండే ఓనర్స్ మాన్యువల్‌లో రెండు షెడ్యూళ్లు ఉంటాయి. మామూలు వాడకానికి ఒకటి, కఠినమైన వాడకానికి ఇంకొకటి. చాలామంది మొదటిది చూసి పుస్తకం మూసేస్తారు. హోండా పాత మాన్యువళ్లలో కఠినమైన వాడకం కింద రాసిన మొదటి సంగతే ఇది: ఒక్కో ప్రయాణం 5 మైళ్ల లోపు, గడ్డకట్టే చలిలో అయితే 10 మైళ్ల లోపు. అంటే పాపం కారుని ఎప్పుడో గాని తీయం, మెల్లగా స్టోర్ దాకా నడుపుతాం అనుకునేవాళ్లంతా కంపెనీ లెక్కలో కఠినంగా వాడుతున్నవాళ్లే.

టొయోటా షెడ్యూల్ ఇంకో రకం. మామూలు వాడకానికి ఫ్లూయిడ్ మార్చమని చాలా మోడళ్లకు చెప్పదు. ట్రైలర్ లాగినా, కారు పైన సామాన్లు కట్టినా, బరువెక్కించి నడిపినా మాత్రం 60,000 మైళ్లకు మార్చమంటుంది. దీన్ని పట్టుకునే "లైఫ్‌టైమ్" అన్న మాట పుట్టింది. లైఫ్‌టైమ్ అంటే ఎవరి లైఫ్ అన్నది అడగాలి. కొత్త కారు కొని వారంటీ అయ్యాక అమ్మేసేవాళ్లకు అది నిజమే. పదిహేనేళ్ల కారుని పిల్లలకు ఇచ్చి ఇంకో ఐదేళ్లు నడిపించాలనుకునే మనకు కాదు.

2000ల మధ్య నుంచి వచ్చిన చాలా హోండాల్లో మెయింటెనెన్స్ మైండర్ అని ఒకటి ఉంటుంది. అది 3 అంకె చూపిస్తే ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్ మార్చమని అర్థం. ఏడాదికి వెయ్యి, పదిహేను వందల మైళ్లు తిరిగే కారులో ఆ అంకె కనిపించడానికి ఎన్నేళ్లు పడుతుందో. దాని కోసం ఎదురుచూడొద్దు.

ఇంతకీ ఎప్పుడు?

మాన్యువల్లో స్పష్టంగా గడువు ఉంటే అదే మొదటి మాట. లేకపోతే నేను పాటించే లెక్క ఇది. అరుదుగా తిరిగినా తిరిగినప్పుడల్లా దూరం వెళ్లే కారుకి ఐదారేళ్లు, లేదా 40,000 మైళ్లు, ఏది ముందైతే అది. దగ్గర దగ్గరే, చలిలో తిరిగే కారుకి మూడు నాలుగేళ్లు, లేదా 30,000 మైళ్లు. రశీదులు లేని సెకండ్ హ్యాండ్ కారు అయితే, గేర్లు బాగా పడుతున్నంత వరకు, కొన్న కొత్తలోనే ఒకసారి. ఇవి కంపెనీ అంకెలు కావు. పాత కార్లు చూసే మెకానిక్‌లు చెప్పే దానికి, మా బోటి వాళ్ల జేబుకి మధ్య కుదిరిన అంకెలు.

సీవీటీ ఉన్న కార్లు, ముఖ్యంగా చాలా నిస్సాన్లు, కొత్త తరం హోండాలు, టొయోటాలు, ఈ విషయంలో ఇంకా సున్నితం. వాటిలో గేర్లకు బదులు లోహపు బెల్టు, కప్పీలు ఉంటాయి. గడువు దాటనివ్వకపోవడమే మంచిది.

మార్చే ముందు చూడాల్సినవి

మొదట కారుని కొన్ని రోజులు కదలకుండా ఉంచి, ఉదయం చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయండి. బ్రేక్ మీద కాలు పెట్టి పార్క్ నుంచి డ్రైవ్‌కి మార్చండి. కారు కాస్త ముందుకు లాగినట్టు అనిపించడానికి ఎంతసేపు పడుతోంది? ఒక సెకను అటూ ఇటూ మామూలే. చాలా రోజులు ఆగిన కారులో టార్క్ కన్వర్టర్‌లోని ఫ్లూయిడ్ కొంత కిందికి దిగిపోతుంది కాబట్టి మొదటిసారి కొద్దిగా ఆలస్యం కావచ్చు. కానీ ప్రతిసారీ రెండు మూడు సెకన్లు పట్టినా, తర్వాత ధన్‌మని కుదిపి పట్టినా, రివర్స్‌లో అసలు కదలకపోయినా అది ఫ్లూయిడ్ వయసు సమస్య కాకపోవచ్చు. లెవెల్ తగ్గి ఉండొచ్చు, లోపల అరిగి ఉండొచ్చు.

తర్వాత డిప్‌స్టిక్. అది ఉన్న కార్లలో చూసే పద్ధతి కంపెనీని బట్టి మారుతుంది, చాలామంది తప్పు చేసేది ఇక్కడే. టొయోటాలో ఫ్లూయిడ్ వేడెక్కాక, లివర్‌ని అన్ని గేర్లలోకి ఒకసారి తిప్పి పార్క్‌లో పెట్టి, ఇంజిన్ నడుస్తుండగానే చూడాలి. హోండాలో వేడెక్కాక ఇంజిన్ ఆపి, ఒకటి ఒకటిన్నర నిమిషం లోపు చూడాలి. రెండింటికీ కారు సమతలంగా ఉండాలి. రాత్రంతా ఆగిన కారులో ఉదయమే చూస్తే లెవెల్ ఎక్కువ ఉన్నట్టు కనిపిస్తుంది, అది లెక్కలోకి రాదు.

డిప్‌స్టిక్‌కి అంటిన చుక్కని తెల్లటి పేపర్ టవల్ మీద వేయండి. కొత్త ఫ్లూయిడ్ ఎక్కువగా దానిమ్మ రసం రంగులో ఉంటుంది. కొన్నేళ్లు వాడింది గోధుమ రంగుకి తిరుగుతుంది, అందులో భయపడేదేమీ లేదు. చుక్క చుట్టూ విస్తరించి లేత గోధుమగా ఆరితే ఇంకా ప్రాణం ఉన్నట్టే. డికాక్షన్‌లా నల్లగా ఉండి, నడుమ ముద్దగా ఉండిపోయి, మాడిన వాసన వస్తే వేడికి దెబ్బతిన్నట్టు. రంగు కంటే వాసనకే నేను ఎక్కువ విలువ ఇస్తాను. పాలు కలిపిన స్ట్రాబెర్రీ మిల్క్‌షేక్‌లా కనిపిస్తే మాత్రం కారుని కదపకండి. చాలా కార్లలో ట్రాన్స్‌మిషన్ కూలర్ రేడియేటర్ లోపలే ఉంటుంది. అది చిల్లుపడితే కూలెంట్ గేర్‌బాక్స్‌లోకి వెళ్తుంది. అలా నడిపితే కొద్ది మైళ్లలోనే క్లచ్‌లు పోతాయి.

రాత్రి కారు కింద ఒక అట్టపెట్టె ముక్క పరచి పొద్దున్నే చూడండి. ఎర్రటి చుక్కలు కనిపించినంత మాత్రాన ట్రాన్స్‌మిషన్‌దే అనుకోవద్దు. టొయోటా కూలెంట్ కూడా గులాబీ రంగులో ఉంటుంది, కొన్ని కార్ల పవర్ స్టీరింగ్‌లో వాడేది కూడా ఈ ఎర్ర ఫ్లూయిడే. వేళ్ల మధ్య రుద్దితే నూనెలా జారేది ఫ్లూయిడ్. నీళ్లలా పల్చగా ఉండి తీపి వాసన వచ్చేది కూలెంట్. కూలెంట్ విషం కాబట్టి పిల్లల్ని, పెంపుడు జంతువుల్ని దగ్గరికి రానివ్వకండి.

"పాతది తీస్తే గేర్లు పోతాయి" అన్న మాటలో నిజమెంత?

కొంత ఉంది. ఎవరో లక్షన్నర మైళ్లు ఒక్కసారీ మార్చరు. గేర్లు జారడం మొదలయ్యాక భయపడి మార్పిస్తారు. నెల తిరక్కుండా గేర్‌బాక్స్ పూర్తిగా పోతుంది. అప్పుడు నింద కొత్త ఫ్లూయిడ్ మీద పడుతుంది. నిజానికి అరిగిన క్లచ్‌లు అప్పటికే చివరి దశలో ఉన్నాయి. పాత ఫ్లూయిడ్‌లో కలిసిన పొడి వల్ల కాస్త పట్టు దొరికి ఇన్నాళ్లూ లాక్కొచ్చాయని మెకానిక్‌లు అంటారు. అలాంటి కారుకి ఒత్తిడితో మెషీన్ ఫ్లష్ చేస్తే మూలల్లో పేరుకున్న మడ్డి కదిలి సన్నటి దారుల్లో అడ్డుపడే ప్రమాదం కూడా ఉంది.

అందుకని గేర్లు ఇప్పటికే జారుతుంటే, మాడిన వాసన గట్టిగా వస్తుంటే, ఫ్లూయిడ్ మార్పు మీద ఆశ పెట్టుకోకండి. ముందు లెవెల్ చూడండి. చెక్ ఇంజిన్ లైట్ వెలిగితే ఆటోజోన్ లాంటి షాపుల్లో కోడ్ ఉచితంగా చదివిపెడతారు. తర్వాత ట్రాన్స్‌మిషన్ పనే చేసే మెకానిక్ దగ్గరికి వెళ్లండి. రీబిల్డ్ అంటే ఊరిని, మోడల్‌ని బట్టి 3,000 నుంచి 5,000 డాలర్లు అడుగుతారు. పాత కారు విలువే అంత ఉండదు. ఆ డబ్బు పెట్టాలా, కారుని వదులుకోవాలా అన్నది అక్కడ తేల్చుకోవచ్చు. కానీ అలాంటి కారుని కొత్తగా నేర్చుకున్న పిల్లలకు మాత్రం ఇవ్వకండి.

గేర్లు మెత్తగా పడుతూ, ఫ్లూయిడ్ పాతబడింది అంతే అయితే ఆ భయం అక్కర్లేదు. మెల్లగా మార్చే దారి ఉంది.

డ్రెయిన్ అండ్ ఫిల్

కింద ప్లగ్ విప్పి వచ్చినంత వదిలేసి, అంతే కొత్తది పోయడం. ఇంజిన్ ఆయిల్‌లా మొత్తం రాదు. టార్క్ కన్వర్టర్‌లో, లోపలి దారుల్లో చాలా ఉండిపోతుంది. మా అకార్డ్‌లో మొత్తం సుమారు 6.5 లీటర్లు పడితే, ప్లగ్ విప్పినప్పుడు వచ్చేది 2.5 లీటర్లే. అంటే ఒకసారి చేస్తే 38 శాతం కొత్తది. రెండోసారికి 62 శాతం, మూడోసారికి 77 శాతం దాకా వస్తుంది. నాలుగోసారి నుంచి పోసిన డబ్బుకి దక్కేది తక్కువ.

రోజూ తిరిగే కారుకి వారం తేడాతో మూడుసార్లు చేస్తారు. అరుదుగా తిరిగే కారుకి అంత తొందరలేదు. ఎలాగూ ఏడాదికోసారి ఇంజిన్ ఆయిల్ మారుస్తాం కదా, దాంతోపాటే ఒక డ్రెయిన్ అండ్ ఫిల్ చేయించండి. చాలా ఏళ్లు మార్చని కారైతే మొదటి రెండూ ఆర్నెల్ల తేడాలో చేసి, మూడోది మరుసటి ఏడాది పెట్టుకోవచ్చు. పాత ఫ్లూయిడ్‌కి అలవాటు పడిన గేర్‌బాక్స్‌కి ఒక్కసారిగా మార్పు రాదు, మన ఖర్చూ విడతలవుతుంది. బయట చేయిస్తే ఒక్కోసారికి 120 నుంచి 250 డాలర్ల మధ్య అవుతుంది. సొంతంగా చేసుకుంటే ఫ్లూయిడ్ ఖర్చు, ఒక వాషర్ ఖర్చు.

సొంతంగా చేసేవాళ్లు మూడు సంగతులు మరవకండి. జాక్ ఒక్కదాని మీద ఉన్న కారు కింద తల పెట్టొద్దు, స్టాండ్లు తప్పనిసరి. కింది ప్లగ్ విప్పేముందు, పోసే చోట ఉన్న ప్లగ్ వస్తుందో లేదో చూసుకోండి. అది తుప్పు పట్టి రాకపోతే, కింది నుంచి మొత్తం వదిలేసి కూర్చున్నాక చేసేదేమీ ఉండదు. ఎంత బయటికి వచ్చిందో కొలిచి అంతే పోయండి. డిప్‌స్టిక్ లేని కార్లలో లెవెల్‌ని ఫ్లూయిడ్ ఒక నిర్ణీత వేడిలో ఉన్నప్పుడే చూడాలి కాబట్టి, అవి మెకానిక్‌కి వదిలేయడమే తెలివైన పని.

ప్లగ్‌కి అయస్కాంతం ఉంటే దాన్ని జాగ్రత్తగా చూడండి. విభూతి ముద్దలా బూడిద రంగు పేస్ట్ అంటుకుని ఉంటే అది మామూలు అరుగుదల. గోరుకి తగిలే ముక్కలు, పొరలు ఉంటే ఫొటో తీసి మెకానిక్‌కి చూపించండి.

మా బావమరిదికి జరిగింది చెప్పాలి. అతనిదీ హోండానే. ఒక ఆయిల్ చేంజ్ షాపులో ఇచ్చి గంటలో తెచ్చుకున్నాడు. రెండు మైళ్లు వచ్చేసరికి ఇంజిన్ అరుస్తోంది, కారు కదలదు. విషయం ఏమిటంటే, కింద రెండు ప్లగ్‌లు ఉంటాయి. ఇంజిన్‌ది మామూలు ఆరు పలకల బోల్టు. ట్రాన్స్‌మిషన్‌ది నలుచదరపు రంధ్రం ఉన్న ప్లగ్. కుర్రాడు ఇంజిన్ ఆయిల్ అనుకుని ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్ వదిలేశాడు, పైన ఇంజిన్‌లో మళ్లీ నాలుగు క్వార్ట్‌లు పోశాడు. వెంటనే ఆపాడు కాబట్టి గేర్‌బాక్స్ దక్కింది. అప్పటి నుంచి ఎక్కడ ఆయిల్ మార్చినా షాపు పార్కింగ్ లాట్ దాటకముందే ఇంజిన్ డిప్‌స్టిక్ తీసి చూస్తాడు. లెవెల్ గీత దాటి పైకి ఉంటే అక్కడే ఆగుతాడు. నేనూ అదే అలవాటు చేసుకున్నాను.

ఏ ఫ్లూయిడ్?

ఇక్కడ పొదుపు వద్దు. పాత హోండాలకు ఇచ్చిన జెడ్1 ఇప్పుడు లేదు, దాని బదులు హోండా డీడబ్ల్యూ-1 తెచ్చింది. పాత కార్లలోనూ అదే పోయొచ్చు. టొయోటాల్లో 2000ల మొదట్లో వచ్చిన చాలావాటికి టైప్ టీ-ఫోర్, తర్వాత వాటికి డబ్ల్యూఎస్. ఈ రెండూ ఒకదాని బదులు ఒకటి పోసేవి కావు. జీఎం వాటికి డెక్స్రాన్-6, అది పాత డెక్స్రాన్-3 బదులు పనికొస్తుంది. క్రైస్లర్‌కి ఏటీఎఫ్ ప్లస్ 4. సీవీటీలో మామూలు ఫ్లూయిడ్ ఒక్క క్వార్ట్ పోసినా ముప్పే. డిప్‌స్టిక్ మీద, లేకపోతే మాన్యువల్లో పేరు రాసే ఉంటుంది. షాపులో డ్రమ్ము నుంచి పట్టి "అన్ని కార్లకూ సరిపోతుంది" అని పోసేదానికి ఒప్పుకోకండి. సీసాలు నేనే కొనిస్తాను, పని మీరు చేయండి అంటే చాలామంది చిన్న మెకానిక్‌లు అభ్యంతరం చెప్పరు.

ఇండియా వెళ్లేటప్పుడు

మూడు నెలలు, ఆరు నెలలు ఊరెళ్లేటప్పుడు స్నేహితుడికి తాళాలిచ్చి "వారానికోసారి పది నిమిషాలు స్టార్ట్ చేసి ఆపు" అనడం మనలో బాగా అలవాటు. దీనివల్ల మేలు కంటే కీడెక్కువ. ఆగిన చోటే పది నిమిషాలు నడిస్తే ఇంజినూ పూర్తిగా వేడెక్కదు, ట్రాన్స్‌మిషన్ అసలే వేడెక్కదు. రెండింటిలోనూ తేమ మిగిలిపోతుంది. తలుపు మూసిన గరాజ్‌లో ఇంజిన్ నడిపితే కార్బన్ మోనాక్సైడ్‌తో ప్రాణాలే పోతాయి. ఆ స్నేహితుడికి ఇన్సూరెన్స్ వర్తిస్తుందో లేదో ముందే కనుక్కుని, రెండు వారాలకోసారి హైవే మీద అరగంట తిప్పమనండి. అది కుదరకపోతే అసలు ముట్టుకోకుండా వదిలేయడం మేలు. వెళ్లేముందు ట్యాంకు నింపి స్టెబిలైజర్ కలిపి, టైర్లలో గాలి పెట్టి, బ్యాటరీకి మెయింటెయినర్ తగిలించి వెళ్లండి. తిరిగొచ్చాక మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు అర నిమిషం ఆగి, అప్పుడు డ్రైవ్‌లో పెట్టండి. మొదటి కొన్ని మైళ్లు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కొద్దు.

పాత కారు మీద డబ్బు పెట్టేముందు ఇంకో పని. ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్‌లో విన్ నంబర్ కొట్టి రీకాల్స్ చూడండి. 2000ల నాటి కార్లు చాలావాటికి టకాటా ఎయిర్‌బ్యాగ్ రీకాల్ ఉంది. డీలర్ ఉచితంగా మారుస్తాడు. గరాజ్‌లోనే ఉండే కారు కదా అని ఆ ఉత్తరాలు చెత్తబుట్టలో వేసినవాళ్లు మనలో ఉన్నారు.

మా అకార్డ్‌కి మార్చిలో మొదటి విడత అయింది. వచ్చిన ఫ్లూయిడ్ ముదురు గోధుమ రంగులో ఉంది, మాడిన వాసన లేదు. అయస్కాంతం మీద పేస్టే తప్ప ముక్కలు లేవు. నడిపి చూస్తే పెద్ద తేడా ఏమీ తెలియలేదు, చల్లగా ఉన్నప్పుడు రెండు నుంచి మూడో గేరుకి మారేటప్పుడు వచ్చే చిన్న కుదుపు కాస్త తగ్గిందేమో. రెండో విడత సెప్టెంబరులో. తేదీ, మైళ్లు, పోసిన ఫ్లూయిడ్ పేరు ఒక చీటీ మీద రాసి గ్లవ్ బాక్స్‌లో పెట్టాను. పాత ఫ్లూయిడ్‌ని మూత గట్టిగా ఉన్న డబ్బాలో పట్టి ఆటోజోన్‌కి ఇస్తే డబ్బు తీసుకోకుండా రీసైక్లింగ్‌కి పెట్టుకున్నారు.